లచ్చి మెచ్చిన పాట

పాట ముందు వినబడింది. మనిషి తరువాత కనబడింది. సృజనకు రెండూ నచ్చలేదు.

అప్పుడే కంపెనీ బస్సు దిగి వస్తోంది. మెడలో ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. చేతిలో చౌరస్తా దగ్గర కొన్న మిరపకాయ బజ్జీల పొట్లం. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. ఉదయం షిఫ్టు అయిపోగానే కర్దనూర్ చౌరస్తాలో దిగడం, బజ్జీలు కొనడం, ఇంటికి పోయే ముందు నర్సింగ్ వాళ్ల బర్రెల కొట్టంలోకి ఒకసారి తొంగి చూడడం ఆమెకు హాజరు వేయించుకోవడం లాంటిది. ఆ తొంగి చూడడం బర్రెల కోసం కాదని ఊరంతటికీ తెలుసు. నర్సింగ్‌కు తెలుసో లేదో సృజనకు తెలియదు. ఆమె బాధంతా అదే.

ఆ రోజు కొట్టంలో దాణా బస్తా మీద ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. సన్నగా, తెల్లగా, కళ్లు మూసుకుని పాడుతోంది. ఎదురుగా లచ్చి అనే బర్రె నెమరు వేయడం కూడా మరిచిపోయి, చెవులు వదులుగా వేలాడేసి వింటోంది. లచ్చి పక్కన మునిగాళ్ల మీద కూర్చుని నర్సింగ్ పాలు పిండుతున్నాడు. బకెట్లో నురుగు పొంగుతోంది.

"ష్" అన్నాడు నర్సింగ్, తల కూడా తిప్పకుండా.

పుట్టి బుద్ధెరిగాక నర్సింగ్ తనను "ష్" అనడం ఇదే మొదటిసారి. చిన్నప్పుడు తాను జామచెట్టు మీది నుంచి తోసేసినా అనలేదు.

"ఎవరిని ష్ అంటున్నవ్?" అంటూ సృజన లోపలికి నడిచింది.

లచ్చి చెవులు నిక్కబొడుచుకుంది. ముక్కు ఎగబీల్చింది. వెనక కాలు ఒక్క విసురు విసిరింది. బకెట్ బోర్లా పడి, పాలన్నీ పేడ కాలువలో కలిసిపోయాయి. పాట ఆగిపోయింది.

"ఏందమ్మా తల్లీ!" నర్సింగ్ తల పట్టుకున్నాడు. "దుడ్డె సచ్చిపోయినప్పటి నుంచి ఇయ్యాలే కదా ఇది చేపింది. జెర బయట నిలబడితే ఏం పోయేది?"

"నాకేమెరుక, ఈడ కచేరీ నడుస్తుందని?"

"కచేరీ కాదు, ట్రీట్‌మెంట్."

అది అబద్ధం కాదు. తన దూడ పోయాక లచ్చి పాలు వదలడం మానేసింది. పొదుగు రాయిలా గట్టిపడ్డా ఒక్క చుక్క కిందికి దించదు. నర్సింగ్ తల్లి సోమమ్మ బెల్లం పెట్టి చూసింది, వీపు నిమిరి చూసింది, కాళ్లు మొక్కి కూడా చూసింది. సూది వేస్తే చేపుతుందని, పాలు దించుతుందని నలుగురూ అన్నారు. "నా బర్రెకు దొంగ సూదులు ఎయ్య" అని నర్సింగ్ మొండికేశాడు. డిగ్రీ చదివి, కంపెనీలో చేరమంటే చేరక, బర్రెలు పెట్టుకున్నవాడు. మొండితనం అతనికి కొత్త కాదు.

దాణా బస్తా మీది అమ్మాయి లేచి చున్నీకి అంటిన తవుడు దులుపుకుంది. "నమస్తే అండి. నా పేరు నిషిత. పటాన్‌చెరులో స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని. మాది విజయవాడ. సోమమ్మ ఆంటీ వాళ్ల పక్క రూములో ఉంటున్నానండి. రూములో సాధన చేస్తే పక్కింటి వాళ్ల పాప లేస్తోందని ఇక్కడికి వచ్చాను. నాకేమో బర్రెలంటే భయం. కళ్లు మూసుకుని పాడుతుంటే ఈవిడ పాలిచ్చేసింది."

"ఈవిడ" అంటే లచ్చి అని అర్థం కావడానికి సృజనకు కాస్త సమయం పట్టింది.

"ఇంకో ముచ్చట చెప్పనా?" నర్సింగ్ ముఖం వెలిగిపోతోంది. "మన కథకు గొంతు దొరికింది. మిణుకు పాటలన్నీ ఈమెనే పాడుతదట."

సృజన చేతిలో పొట్లం చల్లబడింది. లేక ఆమెకు అలా అనిపించింది.

*

మన కథ అంటే "రాళ్లు వినే రాజ్యం". నర్సింగ్, సృజన కలిసి వారం వారం ఫోన్లో రికార్డు చేసి పెట్టే ఆడియో కథ. ఆ రాజ్యంలో పాటకు మహిమ ఉంటుంది. ఎవరైనా పాడితే వాగులు వెనక్కి పారతాయి, కోట తలుపులు తెరుచుకుంటాయి. అందుకే రాజు పాటనే నిషేధించాడు. మిణుకు అనే పిల్ల మాత్రం దొంగతనంగా పాడుకుంటుంది. ఊహ నర్సింగ్‌ది, చెప్పే గొంతూ అతనిదే. పాటలు, లెక్కలు సృజనవి. రాయడం వంతులవారీగా.

"మంత్రమన్నంక ఒక లెక్క ఉండాలె" అని ఆమె మొదట్లోనే పట్టుబట్టింది. "ఏది పాడినా ఏదైనా అయితదంటే అది కథ కాదు, గప్పాలు. మా ల్యాబ్‌ల ప్రతి రియాక్షన్‌కు ఒక కండిషన్ ఉంటది. దీనికీ ఉండాలె."

"అయితే నువ్వే పెట్టు."

పెట్టింది. పాట ఎవరి మీదైనా పని చేయాలంటే, వినేవాళ్లకు ఆ పాడేవాళ్ల మీద ప్రేమ ఉండాలి. రాయికైనా సరే. ప్రేమ లేని చోట ఎంత గొప్ప పాటైనా వట్టి శబ్దమే. ఆ నియమం రాసినప్పుడు సృజన దొంగచూపుతో నర్సింగ్ వైపు చూసింది కూడా. అతను "సూపర్ ఉంది" అని థమ్స్ అప్ చూపించి బర్రెలకు మేత వేయడానికి పోయాడు.

ఇప్పుడు ఆ నియమమే పాములా తిరిగి ఆమె కాలికే చుట్టుకుంది. నిషిత పాటకు లచ్చి పాలిచ్చిందంటే, లచ్చికి నిషిత మీద ప్రేమ ఉన్నట్టు. పక్కనే కూర్చుని వింటున్న నర్సింగ్ సంగతి ఇక చెప్పేదేముంది?

ఆ వారం కథ రాసే వంతు సృజనది. రాసి పంపింది. కాసేపటికే నర్సింగ్ ఫోన్ చేశాడు.

"ఏందిది?"

"ఏంది?"

"మిణుకును మొదటి పేరాలనే కప్పను చేసినవ్!"

"శాపం. కథల శాపాలు ఉండయా?"

"ఉంటయి. కానీ కప్ప పాటెట్ల పాడుతది? నిషిత గారు మూడు పాటలు ప్రాక్టీస్ చేసి కూసున్నరు."

"ఓ, గారు! మంచిది. గారునే కప్పలెక్క పాడమను."

అటువైపు నవ్వు వినబడింది. "సృజనా, నీకు కుళ్లు వచ్చినట్టుంది."

"కుళ్లా? నాకా? నీ మొహానికా?"

"నా మొహానికి ఎందుకొస్తది? ఆమె గొంతుకు వస్తది గని."

ఆ మాటకు ఫోన్ కట్ చేసింది. తన కుళ్లు నిషిత గొంతు మీదని అతను అనుకుంటున్నందుకు ఎక్కువ కోపమొచ్చింది.

ఇంట్లో మంచం మీద పడుకుని, కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ మళ్లీ తెరిచింది. వైజాగ్ పక్కన కొత్త ప్లాంటు పెడుతున్నారు. ఇక్కడి ల్యాబ్ నుంచి ఒకరు పోవాలి. సీనియర్ అంటారు, క్వార్టర్ ఇస్తారు. సోమవారం లోపల ఇష్టమో కాదో చెప్పాలి. మెయిల్ వచ్చిన రోజు సృజన దాన్ని పట్టించుకోలేదు. ఈ ల్యాబ్‌లో తన మెషీన్ తనకుంది, తన కిటికీ తనకుంది, దిగే చౌరస్తా ఉంది. ఎందుకు పోతుంది?

ఇప్పుడు మాత్రం మెయిల్‌ను చాలాసేపు చూసింది.

*

మరుసటి రోజు కొట్టంలోకి తొంగి చూడకుండా పోదామనుకుంది. కానీ అరుగు మీద నర్సింగ్ తండ్రి బాలప్ప కూర్చుని డోలుకు తాళ్లు బిగిస్తున్నాడు. ఒగ్గు కథ చెప్పే మనిషి. పిలిస్తే సృజన పలక్కుండా పోలేకపోయింది.

"ఏం బిడ్డా, మొఖం గట్లున్నది? కంపెనీల ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏం లేదు మామా."

కొట్టంలో నుంచి నిషిత పాట వినబడుతోంది. మిణుకు పాటే. సృజనే రాసిన మాటలు.

*కరుగవే ఓ రాయీ, కరుగవే,*
*కడుపుల దాచిన చెలిమెను వదలవే...*

బాలప్ప ఆమె ముఖం వైపు చూశాడు. కొట్టం వైపు చూశాడు. డోలు పక్కన పెట్టాడు.

"నారదునికి తుంబురుని మీద శానా కుళ్లుండె, ఎరుకేనా?"

"మీ కొడుకు చెప్పిండా ఏంది నీకు?"

"ఏం జెప్పిండు?"

"ఏం లేదు. నువ్వు చెప్పు మామా."

"ఇద్దరు పోటీ పెట్టుకున్నరు, ఎవలు గొప్పగ పాడుతరని. నడిమిట్ల తీర్పు జెప్పెటందుకు ఆంజనేయుడు. ఆయన ఊకుంటడా? నేనొక పాట పాడుత అని పాడిండు. బండ కరిగి నీళ్లైపోయింది. ఈళ్లిద్దరి వీణెలు అండ్ల మునిగినయి. పాట బంద్ జేసిండు. బండ మళ్ల గట్టిపడ్డది. వీణెలు ఇరుక్కపోయినయి. ఇగ పాడుండ్రి, ఎవల పాటకు బండ కరిగితె ఆళ్లే గెలిసినట్టు, అన్నడు."

"కరిగిందా మరి?"

"ఆళ్ల పాటకు కరగలె."

"అంటే ఆళ్లకు పాట రాదా?"

"రాక ఏం? దేవలోకం పాటగాళ్లు. గొంతు మీదనే సోయి పెట్టిరి, బండ మీద పెట్టలె." బాలప్ప మీసం నిమురుకున్నాడు. "ఇగో, నేను డోలు కొట్టి మల్లన్నను పిలుస్త. ఇంతమంది కూసొని ఇంటరు. దేవుడు పూనే శిగం ఒక్కల్లకే వస్తది. నా దెబ్బ అందరికి ఒక్కటే కద? మహిమ డోలుల ఉంటె అందరు ఊగాలె. ఇనేటోళ్ల ప్రేమల, పావురంల ఉంటది బిడ్డా అది."

అంటే తన లెక్క కరెక్టే. సృజనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ క్షణంలోనే ఆమె తనలో తాను ఒక పందెం కాసుకుంది. లచ్చి ముందు తానూ ఒకసారి పాడుతుంది. లచ్చి చేపితే ఈ ఇంటికీ తనకూ ముడి ఉన్నట్టు. చేపకపోతే వైజాగ్. రోజంతా మెషీన్ల రీడింగులను నమ్మే మనిషి, ఒక బర్రె పొదుగు మీద తన బతుకును పందెం పెట్టింది. ప్రేమలో పడ్డ మనిషి చదువు ఎప్పుడూ చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉంటుంది.

*

"నువ్వు పాడతవా?" నర్సింగ్ కళ్లు పెద్దవి చేశాడు. "చూడమ్మా, రేకులు కొత్తగ ఏయించినం. ఎగిరిపోతే మల్ల కష్టం."

"నీ కథల పాటలు రాసింది ఎవరు? నేను పాడొద్దా?"

"పాడు పాడు. లచ్చీ, జెర ఓర్సుకో."

నిషిత మర్యాదగా దాణా బస్తా మీది నుంచి లేచి చోటిచ్చింది. ఆ మర్యాద ఇంకా మండించింది. షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన సృజన బ్యాగు పక్కన పెట్టి, చున్నీ నడుముకు బిగించుకుని, లచ్చికి దగ్గరగా పోయి కూర్చుంది. గొంతు సవరించుకుంది.

"కరుగవే ఓ రాయీ..."

ఆమె గొంతు మరీ చెడ్డదేం కాదు. బతుకమ్మ ఆడేటప్పుడు నలుగురిలో కలిసిపోయే గొంతు. ఒంటరిగా నిలబడితే కొంచెం వణుకుతుంది, అంతే. లచ్చి మొదట తల తిప్పి చూసింది. తరువాత ముక్కు పైకెత్తింది. కట్టు గుంజుకుంది. ఆమె రెండో చరణానికి రాకముందే వెనక కాలు లేచింది. నర్సింగ్ చటుక్కున సృజన భుజం పట్టి పక్కకు లాగాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

తగిలింది. కాలికి మాత్రం కాదు.

"నన్నోసారి ప్రయత్నించమంటారా అండి?" అంది నిషిత. సృజన బయటికి వచ్చి నిలబడింది. అదే పాట. అవే మాటలు. కాసేపటికి లోపల నుంచి బకెట్లో పాలు పడుతున్న చప్పుడు వచ్చింది, సర్రున, సర్రున.

"ఆమె గొంతుల ఏదో ఉందమ్మా" అంటున్నాడు నర్సింగ్, తల్లితో.

వాన మొదలైంది. సృజన తడుస్తూనే ఇంటికి నడిచింది. వానకు కళ్లు తుడుచుకోవలసిన అవసరం లేకుండా పోయింది. అంతవరకు ఆ వాన చేసిన ఉపకారం.

*

మొదలుపెట్టిన పని సగంలో వదిలే అలవాటు సృజనకు లేదు. వారాంతపు భాగంలో మిణుకు తల్లి పాడే పాట ఒకటి ఉంది. అది తాను పాడతానని ఎప్పుడో ఒప్పుకుంది. శుక్రవారం సాయంత్రం తలుపు గడియ పెట్టి, దుప్పటి తల మీదుగా కప్పుకుని, ఫోన్లో రికార్డు చేసింది. ఎవరూ చూడడం లేదు కాబట్టి గొంతు వణకలేదు. దుఃఖం ఉంది కాబట్టి నిండుగా కూడా వచ్చింది.

పంపి, కింద రాసింది: "ఇదే ఆఖరుది. నేను వైజాగ్ పోతున్న. మీ రాజ్యం మీరే ఏలుకోండ్రి."

తరువాత ఫోన్ ఆపేసి పడుకుంది. మెయిల్‌కు మాత్రం జవాబు పంపలేదు. సోమవారం దాకా టైముందిగా అని తనకు తాను చెప్పుకుంది.

శనివారం షిఫ్టు అయ్యేసరికి వాన దంచి కొడుతోంది. చౌరస్తాలో బస్సు దిగితే, బజ్జీల బండి పట్టా కింద నర్సింగ్ నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద. చేతిలో ఉన్న గొడుగు మడిచే ఉంది.

"గొడుగున్నా తడిసినవేంది?"

"ఉన్నదని యాది లేదు." ఊపిరి ఆడడం లేదతనికి. "నీ ఫోనేమైంది? పొద్దట్నుంచి కొడుతున్న. రా, జల్దీ రా."

"ఎక్కడికి?"

"కొట్టంకు. నిషితకు గొంతు పోయింది."

"ఏమైంది?"

"రాత్రి వానకు నానింది. మాట వస్తలేదు. అచ్చం కప్ప తీరు. నువ్వు రాసిందే అయ్యింది, నీ నోట్ల ఏముందో ఏమో!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. శాపం పెట్టినప్పుడు అది తగులుతుందని ఎవరనుకుంటారు? బురదలో చెప్పులు జారుతుంటే అతని వెనక పరుగులాంటి నడక నడిచింది.

"లచ్చి పొద్దున పాలు దించలేదు" అన్నాడు నర్సింగ్ దారిలో. "అమ్మ ఏడుస్తున్నది. నాకేం తోచక నీ మెసేజ్ పెట్టిన. పాట విందామని. స్పీకర్ల పెట్టిన. లచ్చి చేపింది."

సృజన ఆగిపోయింది. "ఏందీ?"

"నీ పాటకు చేపింది సృజనా! బకెట్ నిండింది. తర్వాత కింద మెసేజ్ చదివిన." అతని గొంతు తగ్గిపోయింది. "వైజాగ్ ఏంది?"

"ముందు బర్రెను చూద్దాం పా" అంది.

కొట్టం ముందు నిషిత మెడకు మఫ్లర్ చుట్టుకుని నిలబడి ఉంది. సోమమ్మ ఎదురొచ్చి "రా బిడ్డా, నీ పాటే పాటంట ఇగ" అని చేయి పట్టుకుంది. నలుగురూ లోపలికి పోయారు. సృజన లచ్చి వైపు నడిచింది, నోరు తెరిచింది.

లచ్చి ముక్కు పైకెత్తి, బుస్సుమని, కట్టు తెంచుకునేంత పని చేసింది.

"అరే!" నర్సింగ్ తెల్లబోయాడు. "పాటేమో మెచ్చుతది, మనిషిని మెచ్చదేంది?"

నిషిత ఏదో అనబోయింది. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కప్ప గొంతు వచ్చింది.

"ఏమనుకోకండి అక్కా... మొదటి రోజు నుంచీ చెబుదామనుకుంటున్నా... మీ దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన వస్తుందండి. చాలా గట్టిగా."

సృజన చున్నీ ముక్కుకు ఆనించుకుంది. ఏ వాసనా తెలియలేదు. రోజంతా ల్యాబ్‌లో అసిటోన్‌తో గాజు సామాన్లు కడుగుతుంది. ఆ ల్యాబ్ పక్కనే లాకర్, లాకర్లో ఈ చున్నీ, ఈ బ్యాగు. ఊరే కంపెనీల వాసనలో మునిగి ఉన్న చోట, ఎవరి ముక్కు దేన్ని పట్టించుకుంటుంది? విజయవాడ నుంచి వచ్చిన ముక్కుకూ, దుడ్డెను పోగొట్టుకున్న ముక్కుకూ తప్ప.

"ఓ నా తల్లో!" సోమమ్మ నెత్తి కొట్టుకుంది. "దుడ్డె ఉన్నప్పుడు ఎవలొచ్చినా దీనికి సోయి లేకుండె. దుడ్డె పోయినకాడి నుంచి ముక్కుతోనే ఎతుక్కుంటున్నది. వచ్చినోళ్లనల్ల వాసన సూస్తున్నది. నీ వాసనకు బెదురుతున్నదే బిడ్డా, నీకు గాదు."

నలుగురి ముందూ తన వాసన గురించి తీర్పు జరుగుతుంటే సృజన ముఖం మిరపపండైంది. కోపం పోవడానికి ఒక దారి కావాలి. దగ్గరలో నర్సింగ్ ఉన్నాడు.

"ఇన్ని రోజుల నుంచి పక్కన కూసుంటున్నవ్. నీకెప్పుడూ వాసన రాలేదా? ముక్కుందా లేదా నీకు?"

"వస్తది."

"వస్తదా? మరి చెప్పొద్దా?"

"రోజూ వస్తది." అతను తలవంచుకుని గొడుగు కొనతో పేడ గీస్తున్నాడు. "నువ్వు మూలమలుపు తిరగకముందే వస్తది. అది వచ్చిందంటే సృజన వచ్చిందని నాకు ఎరుక. ఆదివారం రాదు. అందుకే నాకు ఆదివారం మంచిగ అనిపియ్యదు."

నిషిత సోమమ్మ చేయి గిల్లింది. సోమమ్మ "దాణా నానబెట్టొస్త" అని కదలబోయి, కదలకుండా అక్కడే నిలబడింది.

"మరి ఆమె గొంతుల ఏదో ఉందన్నవ్?" అంది సృజన. అడగకపోతే ఈ జన్మకు నిద్ర పట్టదు.

"ఉంది. బర్రెను చేపిచ్చే గుణం ఉంది. ఇంకేం ఉండాలె?"

"నేను మీ ఇద్దరికీ పెళ్లైపోయిందనుకున్నానండి" అంది కప్ప గొంతు. "అంతలా కొట్లాడుకుంటుంటే."

నర్సింగ్ తల ఎత్తాడు. "వైజాగ్ పోతవా?"

"పోతే ఏమైతది? ఎట్లాగూ నా పాట ఫోన్ల వినొచ్చు. లచ్చి కూడా బెదరదు."

"పాటైతే ఫోన్ల వస్తది" అన్నాడు నర్సింగ్. "వాసన ఎట్లొస్తది?"

ఇన్నేళ్లు కలిసి పాటకు ఎన్నో మహిమలు రాశారు. వాగులు వెనక్కి పారించారు, కోటలు తెరిపించారు. ఇంత మాట మిణుకు చేత ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పించలేకపోయారు. సృజన చున్నీ సర్దుకుంటూ, "పోను గని, నువ్వు అన్నవని కాదు. నా మెషీన్ ఇంకొకరికి అప్పజెప్పబుద్ధి కాదు" అంది.

"సరే. మెషీన్ కోసమే ఉండు."

"ఇగ సాలు తియ్యుండ్రి" అంది సోమమ్మ, కళ్లొత్తుకుంటూ. "నీళ్లు కాగుతున్నయి. పిల్లా, తానంకు నడువు."

*

కొత్త మనిషి బర్రె దగ్గర కూర్చోవాలంటే, రోజూ పాలు పిండే మనిషి చీర కట్టుకుని కూర్చోవాలి. ఆ ఊళ్లో బర్రెలున్న ప్రతి ఇంటికీ తెలిసిన పద్ధతే. కొత్త కోడలు కొట్టంలోకి అడుగుపెట్టే మొదటి రోజు అత్త తన పాత చీర ఇస్తుంది. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లకు ఎవరూ ఇవ్వరు.

సోమమ్మ వేడినీళ్లు పోయించి, కుంకుడుకాయతో తల రుద్ది, దండెం మీది నుంచి తన పాలు పిండే చీర తీసి సృజనకు ఇచ్చింది. వెలిసిపోయిన పసుపుపచ్చ నేత చీర. తవుడు, పొగ, పాలు, పచ్చిగడ్డి అన్నీ కలిసిన వాసన. సృజన దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడిపోయింది.

"అత్తా, ఇది..."

"కట్టుకో. సూస్తవేంది?"

అరుగు మీద బాలప్ప డోలు మీద వేళ్లతో మెల్లగా టకటకలాడిస్తున్నాడు. కోడలొచ్చిన ఇంటి దరువు అది. ఎవరూ కొట్టమనలేదు.

సృజన కొట్టంలోకి వచ్చింది. చీర పొట్టిగా ఉండి మడమల పైకి లేచింది. నర్సింగ్ చూసి నవ్వబోయి, ఎందుకో నవ్వలేకపోయాడు. లచ్చి ముక్కు సాచింది. చీర కొంగు వాసన చూసింది. చేయి వాసన చూసింది. తరువాత గరుకు నాలుకతో ఆ చేతిని ఒకసారి నాకి, మెడ దించింది.

"కరుగవే ఓ రాయీ, కరుగవే..."

గొంతు వణికింది. వణకనిచ్చింది. లచ్చి చెవులు వదులుగా వేలాడాయి. నర్సింగ్ చేతి కింద పొదుగు మెత్తబడింది. మొదటి ధార బకెట్ అడుగున సర్రున మోగింది.

గుమ్మంలో సోమమ్మ నిషితతో అంటోంది. "ఆ చీర మళ్ల ఇయ్యొద్దని సెప్పు. రోజు పనికొస్తది."

నర్సింగ్ పిండుతూనే తల తిప్పి, పూర్తిగా సృజన వైపు చూశాడు. "ఇంతకూ మహిమ పాటలనా, చీరలనా? నీ లెక్క ప్రకారం వినేటోళ్లకు..."

"ష్" అంది సృజన.